పటానికి దండ వేరు, ఓటు వేరు: 1984లో మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం

అక్టోబరు 31న చాలా హాస్టళ్లలో రెండు పటాలకు దండలు వేసే అలవాటు ఉంది. ఒకటి సర్దార్ పటేల్ జయంతికి, రెండోది ఇందిరాగాంధీ వర్ధంతికి. పటేల్ గారి గురించి పిల్లలకు చెప్పడం తేలిక. సంస్థానాల విలీనం చెప్పి, ఐక్యతా ప్రతిజ్ఞ చదివిస్తే అయిపోతుంది. ఇందిరమ్మ దగ్గరకు వచ్చేసరికి మాకు మాటలు తడుముకోవలసి వస్తుంది. ఆమె వల్ల మన వాళ్లకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. ఆమె చనిపోయిన నాడు మన పెద్దలు ఏడ్చారు. రెండు నెలలు తిరక్కుండానే ఆమె పార్టీని ఓడించారు. ఈ రెండూ నిజమే. ఈ సంచికలో ఆ సంగతే రాయాలనుకున్నాం, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో ఇది రాదు.

ముందు ప్రాంతం గురించి ఒక మాట. ఇప్పుడు బాపట్ల, రేపల్లె, వేమూరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. 1984లో ఇదంతా ఒకే గుంటూరు జిల్లా. తెనాలికి, బాపట్లకు వేర్వేరు పార్లమెంటు స్థానాలు ఉండేవి. 2009 ఎన్నికల నుంచి తెనాలి స్థానమే లేదు. మన వాళ్లు ఈ డెల్టాలో ఎక్కడా గుంపుగా ఒకేచోట లేరు. యానాదులు కాలువ గట్ల మీద, చేపల చెరువుల దగ్గర, పొలాల కాపలాలో. ఎరుకల వాళ్లు బుట్టలల్లుతూ, పందుల్ని మేపుకుంటూ ఊళ్ల చివర. బాపట్ల పక్కన స్టువర్టుపురంలో మాత్రం మన వాళ్లు పెద్ద ఊరుగా ఉన్నారు, ఆ ఊరు మనం కోరి కట్టుకున్నది కాకపోయినా. దాని సంగతి కింద చెబుతాం.

ఇందిరమ్మ మీద మన వాళ్లకు ఎందుకంత అభిమానం అంటే, కొన్ని గట్టి కారణాలే ఉన్నాయి. 1975 జూలై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో వెట్టి రద్దు ఒకటి. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అయింది. తాత తీసుకున్న పుట్టెడు వడ్ల అప్పుకు మనవడు కూడా అదే ఆసామి పొలం కాపలా కాయాలి అన్న కట్టుబాటు చెల్లదని, ఆ అప్పే రద్దయిందని చట్టం చెప్పింది. కాపలా యానాదికి ఇది చిన్న మాట కాదు. అమలు ఎంత జరిగిందంటే, ఊరూరికీ ఒక కథ ఉంది. అప్పు కాగితం చించేసిన ఆసాములూ ఉన్నారు, చించినట్టు చెప్పి పెట్టెలో దాచుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ 'చెల్లదు' అనే మాట ఒకటి ప్రభుత్వం నోట వచ్చింది. నోరు లేని వాడికి ఆ మాట చాలా దూరం పని చేస్తుంది.

రెండోది 1976 నాటి షెడ్యూల్డు కులాలు, తెగల ఉత్తర్వుల సవరణ చట్టం. అంతకు ముందు ఆంధ్ర ప్రాంతంలో ఎరుకల, యానాది, సుగాలి వాళ్లు షెడ్యూల్డు తెగలే. అదే ఎరుకల కుటుంబం కృష్ణ దాటి నల్గొండ జిల్లాకు వలస పోతే అక్కడ తెగ కాదు. పెళ్లి చేసి తెలంగాణకు పంపిన పిల్లకు పుట్టిన బిడ్డకు సర్టిఫికెట్టు రాదు. 1977 జూలైలో ఆ సవరణ అమల్లోకి వచ్చాక ఈ గీత చెరిగిపోయింది. అప్పటికి ఇందిరమ్మ గద్దె దిగిపోయింది కూడా. ఇవాళ సర్టిఫికెట్టు పట్టుకుని మా హాస్టల్లో చేరే పిల్లలకు ఈ చట్టం పేరు తెలియదు, దాని ఫలం మాత్రం చేతిలో ఉంటుంది.

1977 మార్చిలో ఉత్తర భారతం ఆమెను ఓడించింది, రాయబరేలీలో ఆమే ఓడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. జనతా పార్టీకి దక్కింది నీలం సంజీవరెడ్డి గారి నంద్యాల ఒక్కటే. 1980లో ఆమె మన రాష్ట్రం నుంచే, మెదక్ నుంచి, పార్లమెంటుకు గెలిచింది. అంటే కష్టకాలంలో ఆమెను నిలబెట్టింది తెలుగువాళ్లే. తరువాత జరిగింది అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

ఇక రెండో వైపు. అత్యవసర పరిస్థితిలో 1976–77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉద్యోగులకు లక్ష్యాలు పెడితే ఆ లక్ష్యం ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో మన వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. 1975 డిసెంబరు 1న ఆదిలాబాద్ రైతు పోరాటంలోని భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీశారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది, గోండులు చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. అప్పుడు ఢిల్లీలో ఇందిరమ్మ ప్రభుత్వం, హైదరాబాద్‌లో ఆమె నిలబెట్టిన ముఖ్యమంత్రి అంజయ్య గారి ప్రభుత్వం. డెల్టాలో ఉన్న మన వాళ్లకు గోండులు చుట్టాలు కారు, భాష కూడా వేరు. అయినా తెగ పేరున కాల్చిన తూటా అన్ని తెగలకూ తగులుతుంది. మన సంఘాల సభల్లో ఇంద్రవెల్లి పేరు వినని సభ లేదు. ఆమె పటానికి దండ వేసేటప్పుడు ఈ ఊరి పేరు మింగేయమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. గుంటూరు ఏ.సి. కాలేజీలో చదివి, మంగళగిరిలో సబ్ రిజిస్ట్రారుగా కొద్ది రోజులు పని చేసిన మనిషి కాబట్టి ఈ జిల్లాకు పరాయి కాదు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. 1984 మొదట్లో గ్రామాధికారుల వ్యవస్థ, అంటే కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఈ రద్దు గురించి చరిత్రకారులు రాసేదంతా భూమి లెక్కల కోణంలో ఉంటుంది. మన వాళ్లకు అందులో ఇంకొక అర్థం ఉంది. నేరస్థ తెగల చట్టం ఉన్న రోజుల్లో పేరు నమోదైన ఎరుకల మగవాడు రాత్రిపూట మునసబు ఇంటి దగ్గరో, పోలీసు ఠాణాలోనో హాజరు వేయించుకోవాలి. పక్క ఊరికి పోవాలన్నా చీటీ కావాలి. చట్టం పోయి ముప్పై ఏళ్లు దాటినా మునసబు అనే మాట వింటే ముసలివాళ్లు లేచి నిలబడేవారు. ఆ పదవే లేకుండా పోయింది. ఎన్టీఆర్ మన కోసం ఆ పని చేశారని మేము అనడం లేదు. ఆయన కారణాలు ఆయనకు ఉన్నాయి. కానీ మన ముసలివాళ్లకు వీపు మీద బరువు దిగినట్టయింది.

ఆ ఏడాదే ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్టీఆర్‌ను తీసేశారు. అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని అప్పుడే తిరిగి వచ్చిన మనిషి ఆయన. ఆ స్థానంలో ప్రమాణం చేసింది నాదెండ్ల భాస్కరరావు గారు. ఆయన 1983లో తెలుగుదేశం తరఫున గెలిచింది మన వేమూరు నుంచి! అందుకే ఆ నెల రోజులు తెనాలి, వేమూరు, రేపల్లె వైపు గొడవ ఎక్కడో హైదరాబాద్‌ది అనిపించలేదు. మన ఓటే అటూ ఇటూ అయినట్టు అనిపించింది. బంద్‌లు, ఊరేగింపులు, లాఠీలు. ఎన్టీఆర్ వెంట ఉన్న ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచారు. చివరకు సెప్టెంబరు 16న, సరిగ్గా నెల తిరిగేసరికి, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. జనం నోట ఈ పనికి కర్త రాంలాల్ కాదు, నాదెండ్ల కూడా కాదు, ఢిల్లీలో ఉన్న ఇందిరమ్మే. 1977లో ఆమెను ఒంటి చేత్తో నిలబెట్టిన జనానికి ఇది నమ్మకద్రోహంగా తోచింది. అభిమానం ఎంత ఉందో కోపం అంత వచ్చింది.

సరిగ్గా 45 రోజులకు, అక్టోబరు 31 ఉదయం, ఢిల్లీలో ఆమె ఇంటి ఆవరణలోనే ఇద్దరు అంగరక్షకులు ఆమెను కాల్చి చంపారు. బి.బి.సి. ముందే చెప్పింది, ఆకాశవాణి మాత్రం సాయంత్రం దాకా మరణ వార్త చెప్పలేదు. ఆ రోజుల్లో మన గుడిసెల్లో రేడియో ఎక్కడిది? ఊళ్లో టీ కొట్టు దగ్గర విని వచ్చినవాళ్లు చెప్పారు. మన పెద్దల దగ్గర మేము విన్నంతలో, ఆ రాత్రి చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు. నెల క్రితం ఊరేగింపులో ఆమెను తిట్టిన నోళ్లే 'అమ్మను చంపారంట' అని ఏడ్చాయి. ఒక పెద్దావిడ మాతో అన్న మాట: "తిట్టింది ఆ పనికి. ఏడ్చింది మనిషికి." దీనికి మించి వివరణ రాయడం మా చేత కాదు.

ఢిల్లీలో ఏం జరిగిందో కూడా చూడాలి. చంపిన ఇద్దరూ సిక్కులు. ఆ ఇద్దరి పనికి ఢిల్లీ వీధుల్లో దొరికిన సిక్కునల్లా పట్టుకుని కొట్టారు, తగలబెట్టారు. ఒక్క ఢిల్లీలోనే అధికారిక లెక్క ప్రకారం 2,733 మంది సిక్కులు చనిపోయారు. ఏ ఉత్తరంలోనూ, ఏ ఉపన్యాసంలోనూ ఆ సిక్కుల్లో ఒక్కొక్కరి పేరు అడిగినవాడు లేడు. తలపాగా చాలు. దుఃఖం ఆ ఊళ్లో ఆ దారి పట్టింది.

ఈ భాగం చదువుతుంటే మన వాళ్లకు ఒళ్లు జలదరించాలి, ఎందుకంటే ఈ లెక్క మన మీద ప్రభుత్వమే చట్టం చేసి నడిపింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ పాకింది. ఎవరో కొందరు దొంగతనం చేస్తే తెగ మొత్తం పుట్టుకతో దొంగలని రాశారు. అంతకు ముందు ఎరుకల వాళ్లు తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం ఎద్దుల మీద వేసుకుని తిరిగే బేరగాళ్లు. ఉప్పు పన్ను, రైలు కలిసి ఆ బేరాన్ని మింగేశాయి. బేరం పోయి తిరుగుడు మిగిలేసరికి, తిరుగుడే నేరం అయింది. 1913–14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఒక సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి తగిలించారు. అదే స్టువర్టుపురం. అక్కడి వాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయారు, పొలాలు బాగు చేశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. పేరు మాత్రం పోలేదు. ఒక కాలేజీలో మా హాస్టల్ పిల్ల టి.సి. మీద ఊరి పేరు చూసి గుమాస్తా నవ్వి, "పర్సులు జాగ్రత్త" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ పిల్ల ఇప్పుడు డి.ఎడ్. పూర్తి చేసింది, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకు రాశామంటే, 1984 నవంబరులో తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో దుఃఖం వేరే దారి పట్టింది కాబట్టి. జనం ఏడ్చారు, సంతాప సభలు పెట్టారు, పటాలు ఊరేగించారు. తరువాత డిసెంబరు ఆఖరి వారంలో పోలింగు వచ్చింది. దేశమంతా సానుభూతి వెల్లువ. కాంగ్రెస్‌కు 404 స్థానాలు, అంతకు ముందు నెహ్రూ గారికి కూడా రానంత. ఆ వెల్లువ గోదావరి, కృష్ణ దగ్గర ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 42లో 30 తెలుగుదేశం గెలిచి పార్లమెంటులో పెద్ద ప్రతిపక్షం అయింది. ఒక ప్రాంతీయ పార్టీకి అలాంటి చోటు అదే మొదటిసారి. హనుమకొండలో పి.వి. నరసింహారావు గారే ఓడిపోయారు. తెనాలిలో నిశ్శంకరరావు వెంకటరత్నం గారు, బాపట్లలో చిమటా సాంబు గారు తెలుగుదేశం తరఫున గెలిచారు. ఎవరూ ఇందిరమ్మ పటం గోడ మీద నుంచి తీయలేదు. పటం అక్కడే ఉంది, ఓటు మాత్రం ఆగస్టులో జరిగినదానికి పడింది.

పక్క గుంటూరులో మాత్రం కాంగ్రెస్ గెలిచింది. అభ్యర్థి ఆచార్య ఎన్.జి. రంగా గారు, అప్పటికి 84 ఏళ్లు. ఈయన కథ ఈ వ్యాసానికి సరిగ్గా సరిపోతుంది. పొన్నూరు దగ్గర నిడుబ్రోలు ఆయన ఊరు. 1957లో తెనాలి నుంచే కాంగ్రెస్ తరఫున పార్లమెంటుకు వెళ్లారు. 1959 నాగపూర్ కాంగ్రెస్‌లో నెహ్రూ గారు సహకార వ్యవసాయం తీర్మానం పెడితే, రైతు భూమి పోతుందని రంగా గారు ఎదురు తిరిగి బయటకు వచ్చారు. ఆ ఏడాదే ఇందిరాగాంధీ కాంగ్రెస్ అధ్యక్షురాలు, రంగా గారు కొత్తగా పుట్టిన స్వతంత్ర పార్టీ అధ్యక్షులు. అంటే రెండు పార్టీల అధ్యక్షులుగా ఎదురెదురు నిలబడిన మనుషులు. 1962లో తెనాలి ఆయనను ఓడించింది. 1970లలో ఆయన తిరిగి కాంగ్రెస్‌కు వచ్చారు, ఇందిరమ్మ పార్టీ నుంచి 1980లో గుంటూరు ఎం.పి. అయ్యారు. ఆమె పోయాక ఆమె పేరు మీద ఓట్లడిగిన పెద్దమనిషి, ఒకప్పుడు ఆమెకూ ఆమె తండ్రికీ ప్రత్యర్థి. సహకార వ్యవసాయం మీద ఆయన తన మాట మార్చుకున్నట్టు మేము చదవలేదు. మాట మార్చుకోకుండానే మనిషిని గౌరవించవచ్చన్నమాట. ఒక్కటి మాత్రం చెప్పాలి. రైతు భూమి కోసం అంత పోరాడిన రంగా గారి ఉద్యమంలో, భూమే లేని యానాదికి చోటు చాలా తక్కువ. ఆయన మీద అభిమానం ఉన్న పెద్దలు ఈ మాటకు కోపగించుకోవద్దని మనవి.

పన్నెండేళ్ల తరువాత ఇలాంటిదే మళ్లీ జరిగింది. 1995 ఆగస్టు, సెప్టెంబరులో ఎన్టీఆర్ సొంత పార్టీ వాళ్ల చేతిలోనే పదవి పోగొట్టుకున్నారు. 1996 జనవరి 18న గుండెపోటుతో పోయారు. ఆయన పాలన మీద మన వాళ్లకు కోపాలు లేకపోలేదు. 1986 నవంబరులో ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చే జి.ఓ. 275 ఆయన ప్రభుత్వమే తెచ్చింది. టీచరు ట్రైనింగు చదివిన మాకు దాని విలువ తెలుసు, అది మన మైదాన ప్రాంతానికి వర్తించకపోయినా. అదే ప్రభుత్వంలో విశాఖ ఏజెన్సీ చింతపల్లి వైపు గూడేలు తగలబడ్డాయి. రెండూ ఆయన లెక్కలోనే రాయాలి. ఆయన శవయాత్ర నాడు కాంగ్రెస్ వాళ్లు కూడా కన్నీళ్లు పెట్టుకున్నారు. మూడు నాలుగు నెలలకు పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. భార్య లక్ష్మీపార్వతి గారు ఆయన పేరుతో పార్టీ నడిపారు. ఆ పార్టీకి ఒక్క ఎం.పి. కూడా రాలేదు. తెనాలిలో సినీనటి శారద గారు, బాపట్లలో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు గారు గెలిచారు, ఇద్దరూ చంద్రబాబు గారి తెలుగుదేశం నుంచే. అన్నగారి కోసం ఏడ్చిన ఊళ్లే అన్నగారిని దించినవాళ్లను గెలిపించాయి. 1984లో ఇది న్యాయంగా కనిపించింది. 1996లో అంత న్యాయంగా కనిపించదు మాకు. కానీ జనం పద్ధతి అదే.

ఇంకో చిన్న సంగతి. వేమూరు వాళ్లే అయిన కొణిజేటి రోశయ్య గారు ఎన్టీఆర్‌కు శాసనమండలిలో గట్టి ప్రత్యర్థి. ఆయన నోటికి తట్టుకోలేకే 1985లో మండలిని రద్దు చేశారని మన వైపు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. 2007లో మండలి తిరిగి వచ్చింది, 2009 సెప్టెంబరులో మండలి సభ్యుడిగా ఉన్న రోశయ్య గారే ముఖ్యమంత్రి అయ్యారు. 2021 డిసెంబరు 4న ఆయన పోయినప్పుడు ఆయన చేత జీవితమంతా మాటలు పడ్డ తెలుగుదేశం నుంచి కూడా సంతాపాలు వచ్చాయి.

1984 నాటికి ఓటు వేసిన మన పెద్దలు ఇప్పుడు అరవై దాటారు. స్టువర్టుపురంలో, రేపల్లె కాలువ గట్ల మీద, తెనాలి చినరావూరు వైపు ఇంకా కొందరు ఉన్నారు. ఆ అక్టోబరు రాత్రి ఏం విన్నారో, డిసెంబరులో ఎవరికి వేశారో, ఎందుకు వేశారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. చదువుకున్న పిల్లలు ఫోనులో రికార్డు చేసి పంపినా చాలు, మేము రాసుకుంటాం. కాంగ్రెస్‌కు వేసినవాళ్ల మాటలు కూడా తప్పకుండా కావాలి, ఇప్పటిదాకా మాకు దొరికినవి ఎక్కువగా రెండో వైపువే.